ఇంతకీ బోర్ కొడుతున్నది ఎవరు?

మన క్యాంపస్‌లో రోజూ ఎక్కువసార్లు వినిపించే వాక్యం ఏది అని ఎవరైనా పోటీ పెడితే, "ప్రాక్సీ వెయ్యవా ప్లీజ్" రెండో స్థానంలో ఉంటుంది. మొదటి స్థానం మాత్రం "బోర్ కొడుతోంది"దే. అందులో డౌటే లేదు. క్లాస్ బోర్, ల్యాబ్ బోర్, మెస్‌లో సాంబార్ బోర్, ఆదివారం బోర్, సోమవారం ఇంకా బోర్. ఫెస్ట్ మొదటి రోజు సాయంత్రానికే మా హాస్టల్లో ఒకమ్మాయి "ఫెస్ట్ బోర్ కొట్టేసిందే" అంది. ఇంకా స్టేజీ మీద మైక్ టెస్టింగ్ కూడా అవ్వలేదు!

ఈ మాట వాడొద్దని చెప్పడానికి నేనిది రాయడం లేదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివి, తెలుగుని సెకండ్ లాంగ్వేజ్‌గా మార్కుల కోసం చదివినదాన్ని. అచ్చ తెలుగు గురించి ఉపన్యాసం ఇస్తే మా తెలుగు మేడమే ముందు నవ్వుతారు. నా ఫిర్యాదు వేరే. ఈ ఒక్క మాట మన దగ్గర చాలా పనులు చేస్తోంది. వాటిలో కొన్ని దొంగ పనులు.

ముందు ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు కొంచెం. ఇంగ్లీషులో విసిగించడం అనే అర్థంలో 'బోర్' మరీ పాతదేం కాదు. 1760ల నాటి ఉత్తరాల్లో కనిపించడం మొదలైంది. 'బోర్‌డమ్' అనే నామవాచకం ఇంకా తర్వాతది. చార్ల్స్ డికెన్స్ 1852లో సీరియల్‌గా మొదలుపెట్టిన 'బ్లీక్ హౌస్' నవలలో లేడీ డెడ్‌లాక్ అనే గొప్పింటి ఆవిడ ఉంటుంది. ఆవిడకి అన్నీ ఉన్నాయి, కానీ ఎప్పుడు చూసినా బోరే. ఆ మాట అందరికీ తెలియడంలో ఆవిడ పాత్ర పెద్దదే. తమాషా ఏంటంటే బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో అచ్చయిందీ అదే 1852లో. అక్కడ లండన్‌లో లేడీ గారికి బోర్ కొడుతుంటే, ఇక్కడ ఆయన మన 'విసుగు'కి ఇంగ్లీషు అర్థం రాసి పెట్టారన్నమాట.

నేలలో కన్నం పెట్టే బోరూ, క్లాసులో కొట్టే బోరూ ఒకే మాటా కాదా అన్నది మాత్రం ఇంగ్లీషు నిఘంటువులే తేల్చలేదు. మా అమ్మమ్మ ఎప్పుడో తేల్చేసింది. వాళ్ల ఊరు తెనాలి దగ్గర. చేతి పంపుని అక్కడ బోరింగు అంటారు. దాన్ని "కొడతారు" కూడా. "రెండు బిందెలు బోరింగు కొట్టుకు రా" అంటే పని. ఫస్టియర్‌లో ఫోన్‌లో "కాలేజీ అంతా బోరింగే అమ్మమ్మా" అని ఏడిస్తే, "పోనీలే తల్లీ, నీళ్లకి ఇబ్బంది ఉండదు" అంది.

సరే, అసలు విషయానికి వస్తాను. ఇంగ్లీషువాడు "ఐ యామ్ బోర్డ్" అంటాడు. హిందీ వాళ్లు "బోర్ హో రహా హూ" అంటారు. అంటే నేను బోర్ అవుతున్నాను అని. మనం అలా అనం. "నాకు బోర్ కొడుతోంది" అంటాం. ఇక్కడ కర్త ఎవరు? బోర్. కొడుతున్నది అది. నేను ఊరికే దెబ్బలు తింటున్నాను, అంతే. మా ఫ్లోర్‌లో చెన్నై అమ్మాయి "బోర్ అడిక్కుదు" అంటుంది, బెంగళూరు అమ్మాయి "బోర్ హొడీతిదె" అంటుంది, కేరళ అమ్మాయి "బోరడిక్కున్ను" అంటుంది. అడి అన్నా, హొడి అన్నా కొట్టడమే. నాలుగు దక్షిణాది భాషలూ ఎక్కడో మీటింగ్ పెట్టుకుని మాట్లాడుకున్నట్టు, ఇంగ్లీషు నుంచి ఒక మాట తీసుకుని దాని చేతికి ఒకే రకం కర్ర ఇచ్చాయి!

తెలుగులో 'కొట్టు' రెండు రకాలు. కొన్ని మనం కొడతాం: ఈత, చప్పట్లు, గప్పాలు, బంక్, కాపీ. కొన్ని మనల్ని కొడతాయి: షాక్, కంపు, బోర్. మొదటి గుంపులో తప్పు మనది, రెండో గుంపులో మనం బాధితులం. కరెంటు తీగ పట్టుకుని షాక్ కొట్టించుకున్నవాణ్ని ఎవరూ తిట్టరు, అయ్యో అంటారు. బోర్ కూడా ఆ లిస్టులోకి చేరిపోయింది కాబట్టి "నాకు బోర్ కొడుతోంది" అనగానే కేసు ఎదుటివాడి మీదకి పోతుంది. సబ్జెక్ట్ మీదకి, సార్ మీదకి, ఊరి మీదకి, సాంబార్ మీదకి.

బోర్ ఒక్కటే కాదు, మనకి ఇలాంటి దెబ్బలు కొత్తేం కాదు. జంధ్యాల గారి 'నాలుగు స్తంభాలాట' 1982లో వచ్చింది. ఆ సినిమాతో వీరభద్రరావు గారు, వేలు గారు ఇద్దరి పేర్ల ముందూ 'సుత్తి' శాశ్వతంగా అతుక్కుపోయింది. అదీ కొట్టే వస్తువే. తమిళంలో ఇలాంటి వాగుడుని 'అరువై' అంటారట, అంటే కోత. రంపం అని కూడా అంటారట. మలయాళంలో కత్తి. ఫస్టియర్ వర్క్‌షాప్ ల్యాబ్‌లో టూల్స్ లిస్ట్ చదువుతున్నట్టు లేదూ?

కానీ సుత్తి అనడంలో ఒక నిజాయితీ ఉంది. సుత్తి అంటే ఎవరో ఒక మనిషి ఎక్కువ మాట్లాడుతున్నాడని అర్థం. ఇంకో అర్థం లేదు. బోర్ అలా కాదు. అది దేనికైనా సరిపోతుంది. అందుకని ఒకసారి కూర్చుని, మా ఇంట్లో, హాస్టల్లో ఎవరెవరు ఏ మాటలు వాడతారో రాసుకున్నాను. చూస్తే బోర్ ఒక్కటీ ఎన్ని మాటల కుర్చీల్లో కూర్చుందో అర్థమైంది.

మా అమ్మ "ఏం కూర వండాలో తోచట్లేదు" అంటుంది. తోచడం అంటే మనసులోకి రావడం. తోచిన సాయం, తోచిన మాట అంటాం కదా, అదే తోచడం. ఖాళీగా కూర్చుని "ఏమీ తోచట్లేదు" అన్నా అదే. అంటే లోపల నుంచి ఏదో రావాలి, రావట్లేదు. ఇక్కడ ఎవరూ ఎవర్నీ కొట్టడం లేదు. సార్‌ని తిట్టే అవకాశమే లేదు ఆ వాక్యంలో.

"పొద్దు పోవట్లేదు" అంటే గొడవ కాలంతో. పొద్దు అంటే సూర్యుడు, రోజు, టైం. అది కదలట్లేదు. జర్మన్‌లో బోర్‌డమ్‌ని 'లాంగెవైలె' అంటారు, విడదీస్తే పొడుగాటి కాలం అని అర్థం. ఎక్కడి జర్మనీ, ఎక్కడి తెనాలి? కానీ ఇద్దరూ గడియారం వైపే చూశారు.

"మొహం మొత్తింది" నాకు చాలా ఇష్టమైన మాట. మొత్తడం అన్నా కొట్టడమే. కానీ దీనికి ఒక షరతు ఉంది: ముందు ఆ వస్తువు బాగుండాలి. మామిడికాయ పప్పు మూడు రోజులు వరసగా పెడితే మొహం మొత్తుతుంది. మెస్ సాంబార్ మొహం మొత్తింది అనడం వ్యాకరణపరంగా తప్పు అని నా అభిప్రాయం, ఎందుకంటే అది మొదటిరోజు కూడా బాలేదు.

విసుగులో కొంచెం కోపం ఉంటుంది, విసుక్కోవడం దాని చెల్లెలు. మా రూమ్మేట్‌ది కరీంనగర్ వైపు, తను "యాష్టకొస్తుంది" అంటుంది. అందులో అలసట ఎక్కువ. ఒళ్లూ మనసూ రెండూ అయిపోయాయని. హిందూపురం అమ్మాయి "బేజారైపాయ" అంటుంది. పారసీ నుంచి వచ్చిన మాట. పక్కనే ఉన్న కన్నడంలో దానికి విసుగు, దిగులు రెండు అర్థాలూ ఉన్నాయి. తను అంటుంటే కూడా రెండూ వినిపిస్తాయి.

ఇప్పుడు ఇవన్నీ తీసేసి ఒకటే మాట పెట్టండి. మన భాషలో చెప్పాలంటే, ప్రోగ్రామ్ మొత్తాన్ని ఒక ట్రై బ్లాక్‌లో పెట్టి, కింద క్యాచ్‌లో ఉత్త 'ఎక్సెప్షన్' అని రాసేసినట్టు. సున్నాతో భాగించినా, ఫైల్ దొరక్కపోయినా, నెట్ పోయినా స్క్రీన్ మీద ఒకటే మెసేజ్: 'సమ్‌థింగ్ వెంట్ రాంగ్'. ల్యాబ్‌లో అలా రాస్తే మార్కులు కట్ చేస్తారు. ఎందుకంటే ప్రోగ్రామ్ క్రాష్ అవ్వదు, బానే నడుస్తున్నట్టు కనిపిస్తుంది. కానీ బగ్ ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

బగ్ ఎక్కడుందో తెలియకపోతే ఏమవుతుందో చెప్తాను. ఇది మా వింగ్‌లో ఒకమ్మాయి సంగతి. రాయమని తనే చెప్పింది, పేరు మాత్రం వద్దంది. పదో తరగతి దాకా ఊళ్లో తెలుగు మీడియం. లెక్కల్లో ఎంత షార్ప్ అంటే, మేము పేపర్ మీద పెట్టేవి తను నోటితో చెప్పేస్తుంది. ఫస్టియర్‌లో సీ ప్రోగ్రామింగ్ మొదలైన మూడో వారం నుంచి తను వెనక బెంచీకి వెళ్లిపోయింది. ఎవరడిగినా "బోర్ కొడ్తుందే". నేనూ అదే క్లాసులో "బోర్" అనేదాన్ని. మా స్కూల్లో ప్లస్ టూలో ప్రోగ్రామింగ్ కొంత చెప్పేశారు. సార్ లూప్స్ మీద వారం గడుపుతుంటే నాకు నిజంగానే తెలిసిందే మళ్లీ వింటున్నట్టు ఉండేది. ఒకే గదిలో, ఒకే గంటలో, ఒకే మాట అన్నాం ఇద్దరం. నాకు అంతా ముందే తెలుసు కాబట్టి. తనకి ఏమీ తెలియడం లేదు కాబట్టి.

ఇంటర్నల్ మార్కులు వచ్చాక ఒక రాత్రి తనే చెప్పింది. పాయింటర్స్ దగ్గర ఆగిపోయిందట. "అడుగుదామనే అనుకునేదాన్నే. ప్రశ్నని మనసులో ఇంగ్లీషులో కట్టుకునేలోపు స్లైడ్ మారిపోయేది. మారిపోయాక అడిగితే వెనక్కి తిప్పాలి కదా, అందరూ చూస్తారు." మరి బోర్ అని ఎందుకన్నావే అంటే తను చెప్పిన జవాబు నేను ఎక్కడా చదవలేదు: "అర్థం కాలేదంటే జాలి పడతారు. బోర్ అంటే ఎవరూ ఏమీ అనరు. అది తెలివైనవాళ్లు అనే మాట కదా."

నిజమే కదా! మన దగ్గర బోర్‌కి ఒక స్టేటస్ ఉంది. లేడీ డెడ్‌లాక్ టైం నుంచీ ఉంది. బోర్ కొడుతోంది అన్నవాడు ఆ విషయం కన్నా పైన నిలబడి ఉన్నట్టు కనిపిస్తాడు. "అర్థం కాలేదు" అన్నవాడు కింద నిలబడినట్టు. కింద ఉన్నవాళ్లు కూడా పైనున్నట్టు కనిపించడానికి ఈ మాట అద్దెకి దొరుకుతుంది. ఇది ఇంగ్లీష్ మీడియం కాలేజీలో తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి ఎక్కువ అవసరం పడుతుంది అని నేననుకుంటున్నాను. తప్పు వాళ్లది కాదు. అర్థం కాలేదని చెప్పడం సిగ్గు పడాల్సిన విషయంగా చేసినవాళ్లం మిగతా అందరం.

ఆ అమ్మాయికి పాయింటర్ వచ్చింది, గంటన్నరలో. మెస్ గిన్నెలూ చీటీలూ పెట్టి తెలుగులో చెప్పుకున్నాం. గిన్నెలో ఏముందన్నది వేరు, గిన్నె ఏ అరలో ఉందన్నది వేరు, ఆ అర నంబరు రాసుకున్న చీటీ పాయింటర్. అంతకుముందు రెండు నెలలు ఆ సబ్జెక్ట్ 'బోర్'.

(సార్ల గురించి కూడా ఒక మాట. ఒకే యూనిట్‌ని ఒకే వారంలో నాలుగు సెక్షన్లకి చెప్పే మనిషికి శుక్రవారం మధ్యాహ్నానికి ఎలా ఉంటుంది? ఆయన బోర్ అనకూడదు. ఆయనకి ఆ మాట సిలబస్‌లో లేదు.)

రెండో సంగతి మా ఇంట్లోది. తాతయ్య పోయాక అమ్మమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "పొద్దు పోవట్లేదమ్మా" అనేది. మా అమ్మ, పిన్ని, మామయ్య ఆ మాటని వెంటనే మాకు తెలిసిన భాషలోకి మార్చేసుకున్నారు: "పాపం, బోర్ కొడుతోంది". బోర్‌కి మందు అందరికీ తెలిసిందే. కొత్త టీవీ వచ్చింది. తర్వాత స్మార్ట్ ఫోన్ వచ్చింది. భక్తి పాటలు, వంటల వీడియోలు అన్నీ పెట్టిచ్చారు. ఆవిడ వద్దనలేదు, చూసేది. చూస్తూనే "పొద్దు పోవట్లేదు" అనేది.

సెలవులకి వెళ్లి పది రోజులున్నప్పుడు గమనించాను. ఉదయం ఆవిడకి పొద్దు బానే పోతుంది. పూలు, పూజ, వంట, పక్కింటి పిల్లలు. మధ్యాహ్నం నిద్ర. నాలుగయ్యేసరికి లేచి వంటింట్లోకి వెళ్లి, గ్యాస్ దగ్గర నిలబడి, మళ్లీ బయటికి వచ్చేస్తుంది. నాలుగింటికి తాతయ్యకి టీ. నలభై ఏళ్లకి పైగా. ఆవిడ టీ తాగదు. పొద్దు పోనిది రోజంతా కాదు, ఆ నాలుగు నుంచి దీపాలు పెట్టేదాకా. ఆ మాటని సరిగ్గా వింటే అందులోనే టైం కూడా చెప్తోంది. ఇప్పుడు మామయ్య నాలుగింటికి కొట్టు నుంచి ఇంటికొచ్చి టీ తాగి వెళ్తున్నాడు. టీవీ మీద గుడ్డ కప్పేసి ఉంది.

మనకి మాత్రం ఆ నాలుగు గంటలు కూడా మిగల్లేదు, ఫోన్ ఉంది కాబట్టి. 2014లో సైన్స్ జర్నల్‌లో ఒక ప్రయోగం వచ్చింది. వర్జీనియా విశ్వవిద్యాలయంలో టిమొతీ విల్సన్ బృందం చేసింది. మనుషుల్ని 15 నిమిషాలు ఒక గదిలో ఊరికే కూర్చోబెట్టారు. ఫోన్ లేదు, పుస్తకం లేదు. ఒక బటన్ ఉంది, నొక్కితే చిన్న కరెంట్ షాక్. ఆ షాక్ ఎలా ఉంటుందో ముందే రుచి చూపించారు, డబ్బులిచ్చైనా తప్పించుకుంటాం అన్నవాళ్లనే లెక్కలోకి తీసుకున్నారు. అయినా 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో 6 మంది ఆ పావుగంటలో బటన్ నొక్కేశారు. బోర్ కొట్టడం కన్నా షాక్ కొట్టడమే నయం అనుకున్నారన్నమాట. తెలుగులో చెప్తేనే ఈ ప్రయోగం బాగుంటుంది.

మన బటన్ రీల్స్. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో 'బిజీ వెయిటింగ్' చదివినప్పుడు నాకు హాస్టల్ కారిడార్ గుర్తొచ్చింది. పని లేనప్పుడు ప్రాసెసర్ హాయిగా నిద్రపోవచ్చు, ఇంటరప్ట్ వస్తే లేస్తుంది. అలా కాకుండా "వచ్చిందా, వచ్చిందా" అని లూప్‌లో చూస్తూనే ఉంటే దాన్ని బిజీ వెయిటింగ్ అంటారు. చూసేవాళ్లకి బోలెడు పని చేస్తున్నట్టే ఉంటుంది. వేడెక్కుతుంది, బ్యాటరీ దిగుతుంది, అయిన పని సున్నా. పాత మనుషులు రైల్లో టైంపాస్ పల్లీలు కొనుక్కునేవాళ్లు. పొట్లం అయిపోయేది. దీనికి అడుగు లేదు. కాబట్టి "ఏమీ తోచట్లేదు" అనే స్థితి దాకా మనం అసలు చేరడం లేదు. తోచే అవకాశం ఉన్నది ఆ ఖాళీలోనే కదా, అక్కడికి చేరేలోపే బోర్ అని ముద్ర కొట్టి బటన్ నొక్కేస్తున్నాం.

మన క్లబ్ వాళ్లకి ఒక విన్నపం. వచ్చే సంచికకి కథలూ కవితలూ అడిగేటప్పుడు, మీ ఊళ్లో, మీ ఇంట్లో బోర్‌కి బదులు ఏమంటారో కూడా అడగండి. నా దగ్గర ఏడెనిమిదే ఉన్నాయి. శ్రీకాకుళం నుంచి ఒక్కటీ లేదు, ఖమ్మం నుంచీ లేదు. ఏ మాట ఏ సందర్భంలో అంటారో ఒక వాక్యంతో రాసి పంపితే చాలు.

ఇంకోటి. సెమిస్టర్ ఫీడ్‌బ్యాక్ ఫారం వచ్చే వారం తెరుస్తారట. పోయినసారి చివర్లో ఉన్న కామెంట్ బాక్స్‌లో మా సెక్షన్‌లో చాలామంది 'బోరింగ్' అని ఒక్క ముక్క రాసి సబ్మిట్ నొక్కేశారు. ఆ ముక్క చదివి సార్ ఏం మార్చుకుంటారు? జోకులు ఎక్కువ చెప్తారేమో. 'రెండో యూనిట్ నుంచి అర్థం కావట్లేదు, స్లైడ్ త్వరగా మారుతోంది' అని రాస్తే స్లైడ్ ఆగుతుంది. ఆ బాక్స్‌లో తెలుగు అక్షరాలు కూడా పడతాయి, నేను టైప్ చేసి చూశాను.